రాత్రి చేసిన లెమన్ ఐస్ టీ పొద్దునకి మసకగా, చేదుగా మారుతోంది. తప్పు టీదా, నిమ్మదా?

పులుపుపిచ్చి

ఇంట్లో లెమన్ ఐస్ టీ చేయడం అలవాటైంది. సీసాల్లో అమ్మేది మా ఇంట్లో ఎవరికీ నచ్చదు, అందులో టీ కంటే చక్కెరే ఎక్కువ తగులుతుంది. చేసిన వెంటనే ఐసు వేసుకుని తాగితే నాది బ్రహ్మాండంగా ఉంటుంది, చెప్పుకోవడానికి మొహమాటం లేదు. గొడవంతా రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టినప్పుడే.

పొద్దున జగ్గు తీసి చూస్తే రాత్రి ఉన్న తేట ఉండదు. బియ్యం కడిగిన నీళ్లలో టీ రంగు కలిపినట్టు ఉంటుంది. వాసనకి ఏమీ కాదు. తాగితే మొదటి గుక్క పర్వాలేదు, మింగాక మాత్రం గొంతు దగ్గర ఒక చేదు కూర్చుని కదలదు. ఇంకో రెండు చెంచాల చక్కెర వేస్తే తీపీ చేదూ రెండూ తెలుస్తాయి తప్ప చేదు పోదు. పైగా ఆ వేసిన చక్కెర కరగకుండా అడుక్కి దిగిపోతుంది.

నేను చేసేది ఇలా. లీటరు నీళ్లు మరిగాక నాలుగు చెంచాల టీ పొడి వేసి, మంట తగ్గించి పది నిమిషాలు ఉంచుతాను. దించాక నిమ్మరసం పిండి, ఆ పిండేసిన చెక్కలు కూడా వాసన కోసం అందులోనే పడేస్తాను. చక్కెర కలిపి, టీ పొడి పోయేలా వడకట్టి, చెక్కలు మళ్లీ జగ్గులో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పొద్దునదాకా అవి అందులోనే ఉంటాయి.

అడగాలనుకున్నది ఏమిటంటే, ఆ మసక చూస్తే పాడైనట్టా? పారబోయాలా? ఇంకో సంగతి, నిమ్మరసం పడగానే ఎర్రటి డికాక్షన్ కాస్తా లేత తేనె రంగులోకి వచ్చేస్తుంది. అది చూసి మా ఆడపడుచు "వదినా, ఇది రంగు వేసిన కల్తీ టీ పొడి" అని తేల్చేసింది. అప్పట్నుంచి మా అత్తగారు ఆ డబ్బా ముట్టుకోవడం లేదు.

సగంకప్పు

పది నిమిషాలు మరీ ఎక్కువండీ. మూడు నాలుగు నిమిషాల్లో దించేయండి. నేనైతే డికాక్షన్‌లో చిటికెడు వంటసోడా వేస్తాను, వగరు మొత్తం పోతుంది, రంగు కూడా చిక్కగా వస్తుంది. చక్కెర మాత్రం వేడి మీదే కలపాలి, చల్లారాక వేసి ఎంత తిప్పినా దండగే.

కల్తీ విషయం నాకు తెలీదు గానీ, నిమ్మ పడగానే రంగు ఎగిరిపోతుంటే నాకూ అనుమానమే.

వడపోత

ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మీ ఇంట్లో శాంతి ముఖ్యం. టీ పాడవలేదు. టీ పొడి కల్తీదని ఆ రంగు మార్పు చెప్పదు.

నేను కేటరింగ్‌లో డ్రింక్స్ కౌంటర్ చూసుకునేవాణ్ని. అక్కడ ఐస్ టీని గాజు డిస్పెన్సర్‌లో, లైట్ల కింద పెడతారు. కాస్త మసకబారిందంటే జనం దాన్ని దాటుకుని పక్కనున్న జ్యూసు దగ్గరికి పోతారు. అందుకే ఈ మసక మీద నాకు పాత పగ ఉంది, పోస్టు పొడుగైతే ఏమీ అనుకోకండి.

మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. మసక టీ వల్ల. చేదు నిమ్మ వల్ల. ఒకే జగ్గులో ఒకే రాత్రి జరుగుతున్నాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.

మసక సంగతి. టీలో కెఫీన్ ఉంటుంది, రంగూ వగరూ ఇచ్చే పాలీఫినాల్స్ ఉంటాయి. వేడి నీళ్లలో ఇవి ఎవరి దారిన అవి కరిగి ఉంటాయి. చల్లబడేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని, వెలుతురుకి అడ్డం పడేంత పెద్ద గుంపులవుతాయి. టీ పరిశ్రమలో దీన్ని టీ క్రీమ్ అంటారు, పాల మీగడతో సంబంధమేమీ లేదు. డికాక్షన్ ఎంత చిక్కగా ఉంటే అంత మసక. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఇంకా త్వరగా. నమ్మకం కుదరకపోతే పొద్దున ఆ మసక టీ ఒక కప్పు తీసి స్టవ్ మీద పెట్టండి. వేడెక్కుతుంటే మీ కళ్ల ముందే తేటబడుతుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ మసక. పాడైపోయిన పానీయం ఇలా వెనక్కి రాదు.

మీరు నాలుగు చెంచాల పొడిని పది నిమిషాలు నిప్పు మీద ఉంచుతున్నారు. ఆకు కన్నా పొడి చాలా త్వరగా దిగుతుంది. సీటీసీ అని డబ్బా మీద రాస్తారు చూడండి, ఆకుని నలిపి, చించి, చుట్టి చేసే గుళికల రకం, దానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆకు టీ అయితే నాలుగు, ఐదు. అది కూడా మంట మీద కాదు, స్టవ్ ఆపేసి మూత పెట్టి. ఆ తర్వాత దిగేదంతా వగరూ మసకే, రుచి కాదు.

ఇక చేదు. ఇది కొంచెం కొంటె వ్యవహారం. నిమ్మ, కమలా, బత్తాయి లాంటి పళ్లలో, ముఖ్యంగా తెల్ల పొరలోనూ గింజల్లోనూ, ఒక పదార్థం ఉంటుంది. పండులో ఉన్నంతసేపూ దానికి రుచే లేదు. పండు చితికి రసంలోని పులుపు దానికి తగిలాక, నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. నెమ్మదిగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. అందుకే రాత్రి తాగితే లేని చేదు పొద్దునకి వస్తోంది. బత్తాయి రసం పిండి కాసేపు వదిలేస్తే చేదెక్కడం చాలామంది చూసే ఉంటారు, అదీ ఇదే. మీరేమో పిండేసి నలిగిన చెక్కల్ని, గింజలతో సహా, వేడి టీలో వేసి రాత్రంతా నానబెడుతున్నారు. ఆ చేదుకి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను కూడా చేయలేను.

వాసన కోసం వేస్తున్నానన్నారు, నిజమే, వాసన తొక్కలోనే ఉంది. కానీ పైనున్న పసుపు పొరలో మాత్రమే. నూనె గదులన్నీ అక్కడే. కింద తెల్లగా ఉన్నదానివల్ల చేదు తప్ప ఒరిగేదేమీ లేదు. కూరగాయల చెక్కు తీసే పీలర్‌తో పసుపు మాత్రం పల్చగా లేపి వేసుకోండి. ముక్క తిరగేసి చూస్తే లోపలి వైపు తెలుపు దాదాపు కనపడకూడదు.

రంగు మారడం గురించి. టీకి ఎర్రదనం ఇచ్చే థియారుబిజిన్స్ పులుపు తగిలితే లేతబడతాయి. ఏ మంచి టీ అయినా అంతే చేస్తుంది. ఈ టీలోనే చిటికెడు వంటసోడా వేస్తే రంగు మళ్లీ ముదురుతుంది. మీ ఆడపడుచుగారి ముందే ఒక గ్లాసులో చేసి చూపించండి, ఆ గ్లాసు తాగొద్దు, అంతే.

నేను చేసే పద్ధతి ఇది. అర లీటరు నీళ్లు మరిగించి స్టవ్ ఆపి, 8 నుంచి 10 గ్రాముల టీ. చెంచా కొలత మీద నాకు నమ్మకం లేదు, పొడికీ ఆకుకీ ఒకే చెంచాలో బరువు తేడా వస్తుంది. సమయం కాగానే వడకట్టాలి, వడకట్టేటప్పుడు ఆ పిప్పిని గరిటెతో నొక్కకూడదు. వెంటనే ఇంకో అర లీటరు చల్లటి మంచినీళ్లు కలిపేయాలి. చిక్కటి డికాక్షన్‌ని అలాగే ఫ్రిజ్‌లో పెడితే మసక గ్యారంటీ, పల్చబరచి పెడితే చాలావరకు తప్పుతుంది. గది వేడికి వచ్చేదాకా బయట, ఆ తర్వాత ఫ్రిజ్. ఈ జగ్గులో నిమ్మ ఉండదు, చక్కెర ఉండదు. ఉట్టి టీ.

చక్కెరకి షుగర్ సిరప్. 200 గ్రాముల చక్కెర, 200 మి.లీ. నీళ్లు, కరిగేదాకా వేడి చేసి దించడమే, పాకం పట్టక్కర్లేదు. చల్లార్చి శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలకి ఢోకా లేదు. గ్లాసుకి 25 మి.లీ. వేస్తే 15 గ్రాముల చక్కెర పడినట్టు లెక్క. చల్లటిదాంట్లో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది కాబట్టి వేడి టీలో వేసుకునేదానికంటే కొంచెం ఎక్కువే పడుతుంది.

నిమ్మరసం గ్లాసులో, తాగే ముందు. 250 మి.లీ. టీకి ఒక పెద్ద చెంచా, అంటే 15 మి.లీ. కాయల లెక్క చెప్పను, ఒక కాయలో రసం ఉంటుంది, ఇంకో కాయలో ఉండదు. రసం పిండేటప్పుడు ఆఖరి చుక్క కోసం తొక్క మెలితిప్పకండి.

పులుపుపిచ్చి

వడపోత గారూ, చాలా థాంక్స్. ఆ మసక టీ వేడి చేసి చూశాను. గిన్నె అంచుల దగ్గర ముందు తేటబడింది, తర్వాత మధ్యలో. మా అబ్బాయి "మ్యాజిక్" అని వీడియో తీశాడు. వంటసోడా ప్రదర్శన కూడా అయింది. ఆడపడుచు ఒప్పుకోలేదు గానీ "అయితే సరేలే" అంది, మా ఇంట్లో అది పెద్ద విజయమే.

ఒక సందేహం. డికాక్షన్ చల్లారేదాకా ఆగకుండా, వేడిగా ఉన్నదే ఐసు మీద పోసేస్తే కుదరదా? సాయంత్రం ఎవరైనా హఠాత్తుగా వస్తే అంతసేపు ఎక్కడ ఆగగలం?

వడపోత

బాగా కుదురుతుంది. దానికో లెక్క ఉంది. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కేలరీ వదులుతుంది. వడకట్టాక డికాక్షన్ దాదాపు 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే 200 గ్రాముల డికాక్షన్ పూర్తిగా చల్లబడటానికి 200 గ్రాముల ఐసు కరిగిపోతుంది. సమానానికి సమానం. కాబట్టి డికాక్షన్ రెట్టింపు చిక్కగా తీసి, అంతే బరువు ఐసు మీద పోస్తే సరిగ్గా మామూలు టీ అవుతుంది. ఐసు తక్కువ వేస్తే గోరువెచ్చగా, అటూ ఇటూ కాకుండా మిగులుతుంది. గ్లాసులో తేలే ఐసు ముక్కలు కావాలంటే అవి వేరేగా వేసుకోవాలి.

అదే టీ 30 డిగ్రీల దగ్గర ఉంటే 200 గ్రాములకి 75 గ్రాముల ఐసు చాలు. ఐసు తక్కువ ఉన్న ఇంట్లో ఆగడమే మేలు.

ఈ పద్ధతిలో కాస్త మసక రావచ్చు, వెంటనే తాగేదే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, గాజు జగ్గులో ఐసు వేసి దాని మీద మరుగుతున్న డికాక్షన్ పోయకండి, పగులుతుంది. స్టీలు గిన్నెలో కలిపి తర్వాత గాజులోకి. అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెల్లో మాత్రం నిమ్మ కలిపిన టీ ఉంచొద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది.

నైట్‌డ్యూటీ

వడపోత గారు చెప్పినవన్నీ నిజమే గానీ, ఇంత లెక్కలు వేసే ఓపిక లేనివాళ్ల తరఫున ఒక మాట. అసలు స్టవ్ ఎందుకు?

నేను డ్యూటీకి వెళ్లేముందు ఒక లీటరు చల్లటి తాగునీళ్లలో 10 గ్రాముల ఆకు టీ వేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఎనిమిది పది గంటలయ్యాక వచ్చి వడకడతాను. అంతే. చల్లటి నీళ్లలో కెఫీన్, వగరు తక్కువ దిగుతాయి కాబట్టి మసక దాదాపు రాదు, చక్కెర కూడా తక్కువ పడుతుంది. గ్రీన్ టీ అయితే ఐదారు గంటలకే తీసేయొచ్చు. గ్రీన్ టీని మరిగే నీళ్లలో వేసి చేదు చేసుకునేవాళ్లకి ఇది మరీ సుఖం.

పొడి టీతో కూడా అవుతుంది, కానీ సన్నటి నలుసు అడుక్కి చేరుతుంది. మామూలు టీ జల్లెడ ఆపదు, పల్చటి గుడ్డలో వడకట్టాలి. నాకు గుడ్డ ఉతకడం బద్ధకం, అందుకే ఆకు.

వేడి టీలో ఉండే ఆ గాఢత మాత్రం ఇందులో రాదు, అది ఒప్పుకోవాలి. మా ఆయన దీన్ని "టీ పేరు విన్న నీళ్లు" అంటాడు. ఆయన కోసం ఆకు 14 గ్రాములు చేస్తాను, నోరు మూసుకుని తాగుతాడు.

సగంకప్పు

నేను ఎండలో పెట్టి చేయడం కూడా చూశానండీ. గాజు సీసాలో నీళ్లు, టీ సంచులు వేసి మూతపెట్టి డాబా మీద మూడు నాలుగు గంటలు. గ్యాసు ఖర్చు లేదు, రంగు అద్భుతంగా వస్తుంది. అది కూడా ఇలాంటిదే కదా?

వంటసోడా గురించి వడపోత గారు ఏమీ అనలేదు. "ఆ గ్లాసు తాగొద్దు" అన్నారు. అంత విషమా అది?

వడపోత

విషం కాదు సార్, మీరు నొచ్చుకోకండి. నిమ్మ కలపని ఐస్ టీలో లీటరుకి చిటికెడు సోడా వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. వగరు తగ్గుతుంది, మీరన్నది నిజమే. కానీ ఇక్కడ చర్చ నిమ్మ టీ గురించి. సోడా, నిమ్మపులుపు రెండూ కలిస్తే బుస్సుమని పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పులుపు కొంత పోతుంది, దాన్ని నిలబెట్టడానికి ఇంకా నిమ్మరసం పోస్తారు, చివరికి ఉప్పదనం తగిలే ఏదో మిగులుతుంది. వగరే తగ్గించాలంటే టీ త్వరగా వడకట్టడం కంటే మందు లేదు.

ఎండ టీ మాత్రం వద్దు. ఫ్రిజ్‌లో పెట్టేదీ ఇదీ ఒకటి కాదు. ఎండలో సీసా నీళ్లు సూక్ష్మజీవులు చచ్చేంత వేడెక్కవు, అవి హాయిగా పెరిగేంత వెచ్చగా మాత్రం ఉంటాయి, అదీ గంటల తరబడి. టీ ఆకు మీద ఏమున్నా అందులోనే పెరుగుతుంది. చేస్తే మరిగే నీళ్లలో చేయాలి, లేదా ఫ్రిజ్ చల్లదనంలో చేయాలి. మధ్యలో ఉండకూడదు. టీ ఎప్పుడైనా సాగుతూ, తీగలా కారుతూ కనిపిస్తే రుచి చూడకుండా పారబోయండి.

సగంకప్పు

సరే, ఎండ టీ మానేస్తాను. నిమ్మ లేని రోజుల్లో సోడా మాత్రం నా ఇష్టం.

తొక్కతీత

వాసన కోసం తొక్క అన్నారు కాబట్టి వచ్చాను, నా ముద్దుపేరు చూస్తేనే తెలుస్తుంది కదా.

పీలర్‌తో తీసిన పసుపు తొక్కని టీలో వేయడం కంటే చక్కెరలో వేయండి. నాలుగు నిమ్మకాయల తొక్క, 100 గ్రాముల చక్కెర, ఒక గిన్నెలో వేసి గరిటె వెనకవైపుతో కాసేపు నొక్కి, మూతపెట్టి వదిలేయండి. చక్కెర తొక్కలోని నూనెని లాగేసుకుంటుంది. కొన్ని గంటలయ్యాక చూస్తే చక్కెర తడిసి, తొక్క ముక్కలు ముడుచుకుపోయి గట్టిపడి ఉంటాయి, గిన్నె మూత తీస్తేనే వాసన వంటగదంతా పాకుతుంది. అప్పుడు 100 మి.లీ. వేడి నీళ్లు పోసి కరిగించి వడకట్టండి. షుగర్ సిరప్ బదులు ఇదే. తెల్ల పొర లేదు కాబట్టి చేదు లేదు, నిమ్మరసం తక్కువ వేసినా నిమ్మ టీ అని తెలుస్తుంది.

తొక్క వాడేటప్పుడు కాయల్ని ముందు గోరువెచ్చటి నీళ్లలో బ్రష్‌తో రుద్ది కడగాలి. మెరుపు కోసం పళ్ల మీద మైనం పూస్తుంటారు. చెక్కు తీశాక ఆ కాయల్నే పిండుకోవాలి, ముందు పిండేస్తే తర్వాత మెత్తటి చెక్క మీద పీలర్ జారి వేలు తెగుతుంది.

కమలా తొక్కతో కూడా ఇలాగే చేయొచ్చు. కమలా రసం ఒక్కటే వేస్తే టీ ముందు తేలిపోతుంది, దానికి పులుపు చాలదు. గ్లాసుకి మూడు పెద్ద చెంచాల కమలా రసం, ఒకటి నిమ్మరసం నాకు నచ్చిన పాళ్లు. కమలా ఉన్నప్పుడు సిరప్ సగం చాలు.

పులుపుపిచ్చి

తొక్కతీత గారూ, ఇది ఈ వారమే చేస్తాను. గ్రేప్‌ఫ్రూట్‌తో కూడా బాగుంటుందా? చేదు నచ్చే మనిషి ఒకరున్నారు మా ఇంట్లో, మా అత్తగారు.

మందులచీటీ

నేను మందుల షాపులో పనిచేస్తాను, అందుకని తొక్కతీత గారి కంటే ముందు దూరుతున్నాను. అత్తగారు ఏవైనా మందులు వాడుతున్నారా? గ్రేప్‌ఫ్రూట్ కొన్ని మందులతో పడదు. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి ఇచ్చేవాటిలో ఫెలోడిపిన్ లాంటివి. పేగుల్లో ఆ మందుల్ని కొంత విరిచేసే ఒక ఎంజైముని ఈ పండు అడ్డుకుంటుంది. దాంతో మామూలు మాత్రే వేసుకున్నా రక్తంలోకి ఎక్కువ మందు చేరుతుంది. పొద్దున మాత్ర, సాయంత్రం టీ అని విడగొట్టినా లాభం లేదు, ఆ ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉంటుంది. పంపర పనసకీ ఇదే వర్తిస్తుంది. నిమ్మకీ, మామూలు తీపి కమలాకీ ఈ గొడవ లేదు. చీటీ తీసుకెళ్లి డాక్టర్నో ఫార్మసిస్టునో ఒక్కసారి అడగండి.

పనిలో పని, రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు టీ తాగకపోవడం మంచిది. చల్లటిదైనా వేడిదైనా టీ టీయే, తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మలోని విటమిన్ సి కొంత సాయం చేస్తుంది గానీ, గంట ఎడం ఇవ్వడం సులువు కదా.

తొక్కతీత

మందులచీటీ గారు చెప్పాక నేను గ్రేప్‌ఫ్రూట్ మాట ఎత్తను. చేదు నచ్చేవాళ్లకి దారి వేరే ఉంది, టీనే ఒక నిమిషం ఎక్కువ నాననిచ్చి నిమ్మ తగ్గించి ఇవ్వండి.

పులుపుపిచ్చి

అత్తగారి చీటీలో అటోర్వాస్టాటిన్ ఉంది. గ్రేప్‌ఫ్రూట్ సంగతి అక్కడితో సరి. మందులచీటీ గారికి దండం.

మిగతా కబురు. రాత్రి మూడు గ్లాసులు పెట్టాను, ఏది ఏం చేస్తుందో కళ్లతో చూద్దామని. ఒకదాంట్లో మూడు నిమిషాలకే వడకట్టి, నీళ్లు కలిపిన ఉట్టి టీ. రెండోదాంట్లో అదే టీ, వడకట్టిన నిమ్మరసం. మూడోదాంట్లో అదే టీ, నా పాత పద్ధతిలో పిండిన చెక్క. పొద్దున ఉట్టి టీ గ్లాసు వెనక పేపర్ పెడితే అక్షరాలు చదవగలిగాను. చెక్క వేసింది గొంతులో పట్టుకుంది, అదే పాత చేదు. రసం వేసినది మాత్రం మధ్యస్థంగా ఉంది, చేదు కొద్దిగా తగిలింది, నిమ్మ వాసన చచ్చిపోయింది.

ఇంతకీ ఆఖరి ప్రశ్న. టీ, సిరప్, నిమ్మరసం మూడూ విడివిడిగా ఉంచితే ఎన్ని రోజులు? నిమ్మరసం ఒకేసారి పిండి పెట్టుకోవచ్చా, ప్రతి గ్లాసుకీ కత్తి తీయాలా?

వడపోత

మీ ప్రయోగం నేను పనిలో ఉన్నప్పుడు మా కుర్రాళ్లకి చూపించి ఉంటే బాగుండేది.

ఉట్టి టీ ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించితే పాడవకపోయినా రుచి వాడిపోతుంది. స్టవ్ ఎక్కనిదైతే నీళ్లూ సీసా శుభ్రంగా ఉండాలి, రెండో రోజుకే ఖాళీ చేయండి. సిరప్ ఇందాక చెప్పాను, తొక్క సిరప్ అయితే వారంలో వాడేయడం మంచిది, వాసన దిగిపోతుంది. నిమ్మరసం ఆ పూటకి ఆ పూట పిండుకోండి. మరీ బద్ధకమైతే గింజలు లేకుండా వడకట్టి ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. ట్రే గుంట ఒక్కోటి సుమారు ఒక పెద్ద చెంచా పడుతుంది, నీళ్లతో కొలిచి చూసుకోండి. గ్లాసుకి ఒక ముక్క, అది కరుగుతూ పులుపు దింపుతుంది. గడ్డకట్టాక ముక్కల్ని మూత గట్టిగా పట్టే డబ్బాలోకి మార్చండి, ఐసు పక్కనున్న ప్రతి వాసనా పీల్చుకుంటుంది.

నైట్‌డ్యూటీ

ట్రేలో నిమ్మరసం బదులు మిగిలిన టీనే గడ్డకట్టించినా పనికొస్తుంది. ఐసు కరిగినా టీ పల్చబడదు. కాకపోతే టీ ముక్కలు కరిగేటప్పుడు కాస్త మసక వస్తుంది, వడపోత గారు చూడకుండా తాగండి.